నేరం చలిది, శిక్ష డ్రైవర్‌ది

ఆదిలాబాద్‌కు తెలంగాణ కశ్మీర్ అనే బిరుదు ఎవరు తగిలించారో గానీ, నవంబర్ రాగానే పత్రికలూ టీవీలూ దాన్ని బీరువాలోంచి తీసి, దులిపి, మళ్లీ తొడుగుతాయి. పొగమంచులో ఎడ్లబండి, చలిమంట చుట్టూ నలుగురు, దుప్పటి కప్పుకున్న ముసలాయన. ఫొటో కూడా పోయినేడాదిదే అయ్యుంటుంది. బిరుదుకు ఆధారం బొత్తిగా లేదనలేం. శ్రీనగర్‌లో మొదలయ్యే 44వ నంబర్ జాతీయ రహదారి పెన్‌గంగ దాటి తెలంగాణలో కాలుపెట్టేది ఆదిలాబాద్ గడప మీదనే. రోడ్డు కశ్మీర్‌ది, పేరు కశ్మీర్‌ది. బంకులో పోసే డీజిల్ మాత్రం నల్గొండలో పోసేదే.

అసలు చలి ఉన్నచోట ఏం చేశారో చూడండి. 2019 నవంబర్ 17న కేంద్ర హోంమంత్రి అమిత్ షా లద్దాఖ్‌లో చలికాలపు డీజిల్ అమ్మే మొదటి బంకును ప్రారంభించారు. వీడియోలోనే లెండి, అంత చలిలోకి ఎవరు పోతారు! ఇండియన్ ఆయిల్ వాళ్ల పానిపట్ రిఫైనరీలో తయారైన ఆ డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతూనే ఉంటుంది. లద్దాఖ్‌లో సైన్యం ఉంది, సరిహద్దు ఉంది, ఇవ్వాల్సిందే. మనకున్న సరిహద్దు మహారాష్ట్రతో. అక్కడ యుద్ధం లేదు, డీజిల్ రేటులో తేడా మాత్రమే ఉంది. ఆ తేడా చేసే ఘనకార్యం కాసేపట్లో చెబుతాను.

ముందు చలి మీద మోపిన మొదటి నేరం విచారిద్దాం: 'డీజిల్‌ను గడ్డకట్టించుట.' డీజిల్‌లో పారఫిన్ మైనం కరిగి ఉంటుంది. చల్లబడేకొద్దీ ఆ మైనం సన్నని పలుకులుగా విడిపోతుంది. ముందు డీజిల్ మసకబారుతుంది, తర్వాత ఆ పలుకులు ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి, ఇంకా చల్లబడితే డీజిల్ అసలు పారడమే మానేస్తుంది. ఏ డిగ్రీ దగ్గర ఫిల్టర్ మూసుకుపోతుందో చూడడానికి ఒక పరీక్ష ఉంది. డీజిల్‌ను చల్లబరుస్తూ 45 మైక్రాన్ల జల్లెడ గుండా పీల్చి, నిమిషంలో 20 మిల్లీలీటర్లు ఎక్కుతుందో లేదో చూస్తారు. మన దేశపు డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఈ ఫిల్టర్ మూసుకునే హద్దు చలికాలంలో 6 డిగ్రీలు, మిగతా కాలంలో 18 డిగ్రీలు. పారడం ఆగే హద్దు, అంటే పోర్ పాయింట్, చలికాలంలో 3, మిగతా కాలంలో 15. చలికాలమంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి.

ఇప్పుడు లెక్క చూడండి. 6 డిగ్రీల దగ్గర ఫిల్టర్‌ను మూసేసే డీజిల్ కూడా మన కాగితాల ప్రకారం నిఖార్సయిన డీజిలే. ప్రతి బంకులోనూ ఆ అంచుమీది సరుకే పోస్తారని నేను అనడం లేదు, రిఫైనరీ ఇంతకన్నా మంచిది పంపొచ్చు. కానీ ప్రమాణం ఇచ్చే హామీ 6 దగ్గర ఆగిపోయింది. అర్లి(టి), సిర్పూర్(యు), గిన్నెధరి లాంటి చోట్ల ఉష్ణోగ్రత 5 కన్నా కిందికి దిగిన రాత్రులు ఉన్నాయి. మరునాడు పొద్దున ఆ అంకెను పతాక శీర్షికలో వేసేవాళ్లెవరూ దాన్ని ఐఎస్ 1460 పక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. ఇక మార్చి సంగతి. ఫిబ్రవరి ఆఖరి రోజు అర్ధరాత్రి 12 దాటగానే తిర్యాణి అడవిలోని చలికి ఢిల్లీ నుంచి సర్క్యులర్ అందుతుంది కాబోలు. అది దుప్పటి మడతపెట్టి వెళ్లిపోతుందని ప్రమాణం రాసినవాళ్ల గట్టి నమ్మకం.

అయితే మన లారీలు పొద్దున లేవకపోవడానికి మైనమే కారణమని అప్పుడే తీర్పు రాసేయకండి. అలాంటి రాత్రులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతా రాత్రులు 8, 10, 12 డిగ్రీలు. ఇక ఇంజన్ ఆయిల్ అంటారా, ట్రక్కుల్లో మామూలుగా పోసే 15డబ్ల్యూ-40 ఆయిల్‌తో మైనస్ 20 దాకా ఇంజన్ తిరగాలి. రష్యాలోని యాకుత్స్క్‌లో మైనస్ 40కీ 50కీ దిగే చలిలో ఇంజన్ ఆపకుండా నడిపిస్తారు. కెనడాలో రాత్రికి లారీ ఇంజన్‌కు హీటర్ తగిలించి, ప్లగ్గు గోడకు పెట్టి పడుకుంటారు. అక్కడ తెల్లారి బండి లేస్తుంది. నిర్మల్‌లో 11 డిగ్రీలకు లేవదు! మన చలికి ఉన్న పవరు సైబీరియా చలికి లేదన్నమాట.

పెద్దపల్లి నుంచి మంచిర్యాల దాకా రాజీవ్ రహదారి పొడుగునా ఏ లారీ అడ్డాకైనా డిసెంబర్‌లో ఆరింటికి వెళ్లి నిలబడండి. రామగుండం బూడిద ఎత్తేవి, సింగరేణి బొగ్గు ఎత్తేవి, కరీంనగర్ క్వారీల గ్రానైట్ బండలు మోసేవి, సిమెంటువి, వడ్లవి, అన్నీ వరసగా ఉంటాయి. ఒక బండి సెల్ఫ్ కొడితే కుయ్ మంటుంది, రెండోసారి కుయ్యో మంటుంది, మూడోసారి టక్‌మని ఊరుకుంటుంది. డ్రైవర్ దిగి బ్యాటరీ డబ్బా మూత ఎత్తుతాడు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొక్కు. క్లాంపు వదులై, దాన్ని బిగించడానికి మధ్యలో ఇరికించిన సిగరెట్ డబ్బా వెండి కాగితం. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసలో కలిపితేనే 24 వోల్టులు. రెండిట్లో ఒకటి ఈ ఏడాది కొన్నది, రెండోది ఎప్పటిదో దాని స్టిక్కర్‌కే గుర్తులేదు. కోడెనూ ముసలెద్దునూ ఒకే కాడికి కట్టిన సేద్యం అది. ముసలిది ఈడ్వలేదు, దాన్ని మోయలేక కోడె కూడా ఆర్నెల్లలో ముసలిదవుతుంది. చల్లబడితే బ్యాటరీ బలం తగ్గుతుంది, నిజమే. బలమంటూ ముందు ఉంటే కదా తగ్గడానికి!

అప్పుడు ఫోన్ వెళుతుంది. ఓనర్ కరీంనగర్ మంకమ్మతోటలో రెండో అంతస్తులో గీజర్ నీళ్లతో స్నానం చేసి, అల్లం చాయ్ చేతిలో పట్టుకుని ఉంటాడు.

"ఏడింటికల్లా లోడు కాడ ఉండాలంటిని గదరా, ఇంకా ఆడనే ఉన్నవా?"

"బండి లేస్తలేదు సేటూ. బ్యాటరీ పోయింది."

"బ్యాటరీ ఎట్ల పోతది? మొన్న మూడేండ్ల కిందనే గద ఏసింది! సలికి గట్లనే ఉంటది. జర ఎండ ఎక్కినంక కొట్టు."

ఎండ ఎక్కినంక కొట్టు. ఉత్తర తెలంగాణ లారీ యాజమాన్యాల మెయింటెనెన్స్ పాలసీ మొత్తం ఈ మూడు మాటల్లో ఉంది. సర్వీస్ సెంటర్ అక్కర్లేదు, జీఎస్టీ బిల్లు లేదు. సూర్యభగవానుడే మెకానిక్, ఆయన లేబర్ చార్జి అడగడు.

ఎండ ఎక్కినా లేవకపోతే అప్పుడు మెకానిక్ వస్తాడు. వస్తూనే రోగం పేరు చెబుతాడు: "సలికి డీజిల్ గడ్డకట్టిందన్నా." ఫిల్టర్ కింద నీళ్లు వేరయ్యే గిన్నె ఉంటుంది, దాని అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. అది తిప్పగానే ముందు డీజిల్ రాదు. ఎర్రటి నీళ్లు వస్తాయి. ఆ తర్వాత తుప్పు నలుసులు, ఇంకో గుక్కెడు నీళ్లు, అప్పుడు నల్లబడ్డ డీజిల్. ఫిల్టర్ విప్పితే దాని మడతల్లో నల్లటి జిగురు. ఆ ఫిల్టర్‌ను డీజిల్‌లోనే కడిగి, నేలకు రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ అందులోనే పెట్టి, హ్యాండ్ ప్రైమర్ కొట్టి ఎయిర్ తీసి, బండి లేపి, కొత్త ఫిల్టర్ ధర కూడా కలిపి బిల్లు రాస్తాడు. బిల్లులో కారణం దగ్గర ఒక్కటే మాట: చలి.

ఆ నీళ్లు ట్యాంకులోకి ఎక్కడివి? ఇక్కడ వస్తుంది నేను మొదట్లో చెప్పిన రేటు తేడా. తెలంగాణ డీజిల్ మీద 27 శాతం వ్యాట్ వేస్తుంది. పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో లీటర్ కొన్ని రూపాయలు తక్కువ. అందుకని నాగ్‌పూర్ వైపు పోయే బండికి ఓనర్ ఆజ్ఞ: "బార్డర్ దాకా సరిపోయేంత పోయించు, అవతల ఫుల్ చేయించు." బండి ఖాళీ ట్యాంకుతో ఆదిలాబాద్ చేరుతుంది, అక్కడే రాత్రి ఆగుతుంది. పగలు 28 డిగ్రీల ఎండకు కాగిన ఇనుప ట్యాంకు రాత్రి 8 డిగ్రీలకు చల్లబడితే లోపలి గాలిలోని తేమ గోడలకు చెమటగా పట్టి అడుక్కు దిగుతుంది. ట్యాంకులో డీజిల్ ఎంత తక్కువ ఉంటే గాలి అంత ఎక్కువ, నీళ్లూ అంత ఎక్కువ. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి పంపు పీల్చే చోటనే తిష్ఠ వేస్తాయి. లీటర్‌కు ఐదారు రూపాయలు మిగిల్చుకోబోయి నాజిళ్లకూ పంపుకూ వేలకు వేలు పోయడం ఆ విధంగా జరుగుతుంది. ప్రభుత్వం వ్యాట్ తగ్గించదు, ఓనర్ ట్యాంకు నింపించడు. మధ్యలో దోషి చలి.

ఈ తెలివి మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2005లో డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్ కలిపి తీరాలని చట్టం అమలుచేసింది. ఆ డిసెంబర్‌లోనే ట్రక్కుల ఫిల్టర్లు పూడుకుపోయాయి. జనం సహజంగానే చలినే తిట్టారు, అక్కడ తిట్టదగ్గ చలే ఉంటుంది. తీరా పరీక్షిస్తే ప్రమాణానికి దిగువన ఉన్న బయోడీజిల్ బయటపడింది. అక్కడి ప్రభుత్వం నిబంధనను కొన్నాళ్లు పక్కన పెట్టి సరుకు సంగతి చూసింది. మనకూ వాళ్లకూ తేడా చలిలో లేదు. అక్కడ సీసాలో డీజిల్ పట్టి ల్యాబ్‌కు పంపారు. ఇక్కడ సీసా కోసం చూస్తే దాంట్లో అప్పటికే వేరే ద్రవం ఉంటుంది.

ఇంత శాస్త్రం ఎవరికి కావాలి, మన దగ్గర దివ్యమైన చిట్కాలు ఉండగా! మొదటిది, పక్క హోటల్‌లో చాయ్ కోసం మరుగుతున్న నీళ్లు చెంబుతో తెచ్చి గోనెసంచి చుట్టిన ఫిల్టర్ మీద పోయడం. ఇది పర్వాలేదు, మైనం పట్టి ఉంటే కరుగుతుంది కూడా. రెండోది, నూనె గుడ్డలు ముట్టించి డీజిల్ ట్యాంకు కిందకు తోయడం. ఇది చూస్తే దేవుడి మీద నమ్మకం కలుగుతుంది. వెనకాల 'హార్న్ ప్లీజ్' రాసుకున్న బండి, కింద మంట, మంటకు రెండు చేతులు చాచి వెచ్చగా కాచుకునే క్లీనర్ పోరడు, పక్కన బీడీ తాగుతూ పర్యవేక్షిస్తున్న మరో డ్రైవర్. అడిగితే "మావోడు ఇరవై ఏండ్ల సంది గిట్లనే జేస్తండు" అంటారు. కాలిపోయినవాడు వచ్చి అనుభవం చెప్పడు కాబట్టి ఈ చిట్కాకు నూటికి నూరు విజయశాతం.

బండి రోడ్డు మీద ఆగిపోయినప్పటి వైభవం వేరు. పొగమంచులో వెనకవచ్చే బండికి కనబడడానికి మెరిసే త్రికోణం పెట్టాలి. అది కొన్నప్పుడు ఉంటుంది, తర్వాత ఓనర్ ఇంటి అటక మీద భద్రంగా ఉంటుంది. దానికి బదులు మనవాళ్లు రోడ్డు పక్కనుంచి నాలుగు బండరాళ్లు తెచ్చి వెనకాల వరసగా పేర్చి, ఒక మోదుగ కొమ్మ విరిచి టెయిల్ ల్యాంప్ ఉండాల్సిన చోట గుచ్చుతారు. ల్యాంపు ఎందుకు లేదని అడక్కండి, బ్యాటరీ కథ విన్నారు కదా. బండి బాగయ్యాక డ్రైవర్ సెల్ఫ్ కొట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోతాడు. రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. ఆ రాత్రి ఏ తాండా నుంచో బైక్ మీద వచ్చేవాడు వాటిని గుద్దుకుంటాడు. మరునాటి పేపర్లో శీర్షిక: 'పొగమంచు మింగిన ప్రాణం.' రాయి ఎవరు పెట్టారన్నది వార్తలో ఉండదు. మంచు పొద్దున తొమ్మిదింటికే పరారీలో ఉంది కాబట్టి కేసు మూతపడుతుంది.

బండి ఆగిందని కాగితాలు ఆగవు. ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బతుకుతుంది. నేరడిగొండ దగ్గర బండి పడుకుంటే బిల్లుకు చలి వేయదు, అది తన టైముకు చచ్చిపోతుంది. గడువుకు ఎనిమిది గంటల ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చని నిబంధన. ఆ ఎనిమిది గంటల్లో డ్రైవర్ బండి కింద ఉంటాడు, ఫోన్ చార్జింగ్ బండి బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది, గుమస్తా నిద్రలో ఉంటాడు. ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే యాంత్రిక లోపాలు పాలసీలోకి రావంటారు. అక్కడ మాత్రం 'చలి వల్ల' అంటే ఎవరూ నమ్మరు. చలి ఓనర్ దగ్గర చెల్లుతుంది, కంపెనీ దగ్గర చెల్లదు.

రైతు దగ్గరికి వచ్చేసరికి కథ పూర్తిగా తిరగబడుతుంది. అసలు నాకు మండేది ఇక్కడే. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాటన్ కార్పొరేషన్ నియమం ప్రకారం తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర. అక్కడి నుంచి 12 దాకా ఎక్కిన ప్రతి శాతానికీ కోత. 12 దాటితే బండి వెనక్కి. ఆదిలాబాద్ మార్కెట్‌కు రైతు రాత్రే వస్తాడు, ఎందుకంటే వరస. రాత్రంతా మంచు పత్తి మీద కురుస్తుంది. పొద్దున తేమ మీటర్ సూది పత్తిలో గుచ్చితే 14 చూపిస్తుంది. "మంచు వడ్డది సారూ, జర ఎండ ఎక్కినంక సూడుండ్రి" అని రైతు బతిమాలతాడు. ఎండ ఎక్కినంక! లారీ ఓనర్ నోట్లో ఇదే మాట పాలసీ, రైతు నోట్లో ఇదే మాట సాకు. పోనీ ఇంట్లో ఆరబెట్టుకుని మళ్లీ వద్దామా అంటే, కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ మళ్లీ బుక్ చేసుకోవాలి. మంచు ఎప్పుడు పడుతుందో అడిగే గడి ఆ యాప్‌లో ఇంకా పెట్టలేదు.

కరీంనగర్ వైపు వడ్ల సంగతీ అంతే. తేమ 17 శాతం దాటొద్దు. కొనుగోలు కేంద్రంలో తూకమై, బస్తాలు కుట్టి, రైతు లారీ కోసం చూస్తుంటాడు. లారీ రాదు. కాంట్రాక్టర్‌ను అడిగితే "బండ్లు సలికి లేస్తలేవు" అంటాడు. నిజానికి ఆ బండ్లు మిల్లు గేటు ముందు నాలుగు రోజుల నుంచి అన్‌లోడ్ కాకుండా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు వాటి కిందే వండుకుని తింటున్నారు. ఈ లోపు బస్తాల మీద మంచు పడుతుంది, వడ్లు చెమ్మగిల్లుతాయి, మిల్లులో తరుగు తీస్తారు. లారీ ఆలస్యానికి చలి కారణమైతే ఎవరికీ జరిమానా పడదు. వడ్ల చెమ్మకు చలి కారణమైతే రైతుకు పడుతుంది. ఒకే చలి, ఒకే రాత్రి, రెండు న్యాయాలు.

ఇంతమంది చలి చలి అంటున్నారు సరే, అది నిజంగా తగిలేవాడు ఒకడున్నాడు. క్యాబిన్‌లో పడుకునే డ్రైవర్. అద్దానికీ రబ్బరుకూ మధ్య ఖాళీలో పాత పేపర్ కుక్కి, స్టీరింగ్ పక్కన మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుంటాడు. పొద్దున నాలుగింటికి లేచి, తెల్లారితే తిట్లు పడతాయని, చల్లటి ఇనుము కిందికి దూరి ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్ వాల్వ్ లాగుతాడు. నీళ్లు పోకపోతే బ్రేకుల దగ్గర తిప్పలు వస్తాయని అతనికి తెలుసు. నీళ్లు పోకపోతే ఏమవుతుందో అతనికి నేర్పినవాడెవడూ జీతం ఇచ్చేవాడు కాదు.

చట్టం అతన్ని మరిచిపోయిందా అంటే, లేదు. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అంది. రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గదులు ఉండాలంది. అంతటితో ఆగలేదు, డ్రైవర్లకు వాన నుంచీ చలి నుంచీ కాపాడుకోడానికి తగిన బట్టలు యజమాని ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేయవచ్చని కూడా రాసింది. చలి అనే మాట సాక్షాత్తూ పార్లమెంటు చేసిన చట్టంలో ఉందండీ! అరవై నాలుగేళ్లు ఉంది. ఆ చట్టం ఐదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకు వర్తిస్తుంది కాబట్టి మనవాళ్లు నలుగురి దగ్గర లెక్క ఆపి, మిగతా బండ్లు బామ్మర్ది పేరునా కోడలి పేరునా రాయించుకున్నారు. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టం వాటిలో కలిసిపోయింది. సరిగ్గా చలి మొదలయ్యే రోజుల్లో. ఇయ్యని దుప్పటిని వెనక్కి తీసుకోవడం కూడా ఒక రికార్డే.

అయినా ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద ట్రక్కుల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేసింది. ఎండలో కాలే డ్రైవర్‌కు ఇది మంచి నిర్ణయం, వెక్కిరించను. రామగుండం మే నెల చూసినవాడెవడూ వెక్కిరించడు. కానీ అడ్డాలో నిలబడ్డ బండ్లను చూస్తే, వాటిలో సగం పాత బీఎస్-3, బీఎస్-4 బండ్లు. వాటి హీటర్ అంటే ఇంజన్ మీది బోనెట్. దాని మీద రాత్రిళ్లు క్లీనర్ పడుకుంటాడు, కాసేపు వెచ్చగా ఉంటుంది. ఇంజన్ ఆన్ చేసి ఉంచుకుందామంటే జీపీఎస్ ఉంది. ఓనర్ ఫోన్‌లో ఎర్ర చుక్క వెలుగుతుంది: 'బండి నిలబడి ఉంది, ఇంజన్ నడుస్తోంది.' రాత్రి రెండింటికి కూడా ఆ చుక్కను చూడడానికి సేటు నిద్రలేస్తాడు. బ్యాటరీ గురించి చెబితే మాత్రం సిగ్నల్ ఉండదు.

చెక్‌పోస్టుల ముచ్చట ఒకటి మిగిలింది. రవాణా శాఖ చెక్‌పోస్టులను రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబర్‌లో మూసేసింది. ఆదిలాబాద్ బార్డర్‌లో చలికాలం రాత్రి మూడింటికి లారీ ఆపి, దిగి, కాగితాలతో క్యూలో వణుకుతూ నిలబడ్డ డ్రైవర్లందరి తరఫునా ఇది మెచ్చుకోవాల్సిన పని. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి, ఎంత చలిలోనూ మన రోడ్ల మీద మామూలు కోసం చాచిన చెయ్యి బిగుసుకుపోయిన దాఖలా లేదు. దాని పోర్ పాయింట్ ఎంతో ఏ ప్రమాణమూ చెప్పలేకపోయింది.

కాబట్టి సేటూ, ఓనరన్నా, నీకే చెబుతున్నా. వచ్చే దీపావళి లోపు రెండు బ్యాటరీలూ ఒక్కసారే మార్చు, టెర్మినళ్లు వేడినీళ్లతో కడిగి గ్రీజు పెట్టించు. ఫిల్టర్‌ను నేలకు కొట్టకుండా కొత్తది వెయ్యి. రాత్రి బండి ఆపే ముందు ట్యాంకు నింపించు, పొద్దున గిన్నెలో నీళ్లు తీయించు. అటక మీద ఉన్న త్రికోణం దించి బండిలో పెట్టు. డ్రైవర్‌కో దుప్పటి కొనివ్వు, బత్తాలో కోయకుండా. రిఫైనరీ సార్లూ, పెన్‌గంగ ఇవతల రాత్రి ఎంతకు దిగుతుందో మీ ప్రమాణం పుస్తకంలో ఒకసారి రాసి చూడండి. మార్కెట్ సార్లూ, మీటర్ సూది పదకొండింటికి గుచ్చండి, పొద్దున ఏడింటికి కాదు. ఇవన్నీ చేశాక కూడా బండి లేవకపోతే, అప్పుడు చలి మీద కేసు పెట్టండి. సాక్షి సంతకం నేను చేస్తాను.